మెత్తగా, రాలకుండా

ఇవి పొంగాలా, పొంగకూడదా? ఆ ఒక్క సంగతి అడగడం మర్చిపోయాను. ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూచుని చూస్తున్నాను, లోపల లైటు కింద ముద్దలన్నీ నేను ఎలా పెట్టానో అలాగే ఉన్నాయి, ఉలుకూ పలుకూ లేకుండా. మొదటి వాయి ఇలా కాదు, పెట్టిన కాసేపటికే బుడిపెలు తేలాయి, వాసన కూడా బ్రహ్మాండంగా వచ్చింది, అబ్బో మనకీ చేతనవుతోందే అనుకునేలోపల అంచులు నల్లబడిపోయాయి. తీసి చూస్తే అడుగు మాడింది, మధ్యలో వేలితో నొక్కితే పుటుక్కున విరిగి పొడిపొడిగా రాలింది. రాలకూడదు. మింగుడమ్మాయి మరీ మరీ చెప్పి వెళ్ళింది. "మెత్తగా ఉండాలి అంకుల్. స్పూను బోర్లించి నొక్కితే అణగాలి, అణిగింది అణిగినట్టే ఉండాలి. పొడి రాలిందంటే నోట్లో చెదిరిపోతుంది, చెదిరిందంటే ఒక్కో పలుకూ ఒక్కో దారి పడుతుంది." మింగుడమ్మాయి అన్న పేరు మా వదిన పెట్టింది. మా ఆవిడకి అక్క, చెల్లెలికి బాగోలేదని పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఆ అమ్మాయి ఉద్యోగం పేరు మూరెడు పొడుగు, వదినకి నోరు తిరగలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి మాటా, మింగడమూ మళ్ళీ నేర్పడం ఆ అమ్మాయి పని. "మింగడం కూడా ఒకళ్ళు నేర్పాలటయ్యా!" అని వదిన బుగ్గలు నొక్కుకుంది, ఆ తర్వాత రెండు రోజులు తను నీళ్ళు తాగినప్పుడల్లా గొంతు మీద వేళ్ళు పెట్టి చూసుకుంది, లోపల ఏం కదులుతోందా అని.

నేనూ చూసుకున్నాను. గుటక వేస్తే ఒక చిన్న ఎముకలాంటిది పైకి లేచి కిందకి దిగుతుంది. అది లేచినప్పుడు ఊపిరి దారి మూసుకుంటుందట, తిండి దారి తెరుచుకుంటుందట. పుట్టిన దగ్గర్నుంచీ రోజుకి ఎన్ని వందల సార్లు చేస్తున్నామో, ఒక్కసారైనా తలుచుకున్న పాపాన పోలేదు. మా ఆవిడకి అది లేవడం ఆలస్యమవుతోంది. ఆలస్యమైతే తలుపు మూసేలోగానే లోపలికి జారిపోతుంది, కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి. అందుకే ముక్కులోంచి గొట్టం. నెల దాటింది. పొద్దున గొట్టంలో, మధ్యాహ్నం గొట్టంలో, సాయంత్రం గొట్టంలో, తెల్లగా చిక్కగా ఏదో పాలపొడి నీళ్ళు. ఏ రుచో నాకు తెలియదు, తనకీ తెలియదు, నాలుకకి తగలకుండానే వెళ్ళిపోతుందిగా. ఈ వారం మొదట్లో మింగుడమ్మాయి మెత్తగా చిలికిన పెరుగు లాంటిది స్పూనుతో పెట్టింది. వెళ్ళింది. మళ్ళీ పెట్టింది. వెళ్ళింది. "ఇంక ముద్దగా ఉండేది చూడాలి అంకుల్. నమిలి మింగేది. ఆంటీకి బాగా ఇష్టమైనది ఏదైనా మీరే చేసి పెట్టండి, ఇష్టమైనదైతే నోరు మాట వింటుంది," అంది. ఇవాళ ఎనిమిదింటికి వస్తానంది. ఇవాళ అది వెళితే సరేసరి. వెళ్ళకపోతే పెద్ద డాక్టరు చెప్పింది చెయ్యాలి.

దాని గురించి ఇప్పుడు ఆలోచించను. ముద్దల్ని చూస్తాను. ఆ మూలది కాస్త వెడల్పయిందేమో, లేక నా కళ్ళకి అలా కనిపిస్తోందా, కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని నా కళ్ళ మీదే నాకు నమ్మకం లేకుండా పోయింది. ఇష్టమైనది అనగానే వదిన పది రకాలు చెప్పింది, చిన్నప్పుడు ఇది తినేది, అది తినేది, ఇది లేకపోతే అన్నం ముట్టేది కాదు అంటూ. నాకు మాత్రం వెంటనే ఇవే గుర్తొచ్చాయి. మా ఆవిడ స్కూల్లో ఆటల టీచరు. పొద్దు పొడవకముందే మైదానంలో ఉండాలి, మెళ్ళో విజిలు, కాలికి తెల్ల బూట్లు. పిల్లలు ఖాళీ కడుపుతో వచ్చి పరిగెత్తి కళ్ళు తిరిగి పడిపోతున్నారని ఓసారి తెగ బాధపడింది. ఇంట్లో అమ్మలు లేచేసరికే ఈ పిల్లలు వచ్చేస్తారు, వాళ్ళకి టిఫిను ఎవరు చేసి పెడతారు? నడుస్తూ తినగలిగేది ఏదైనా ఉండాలి, చేతికి అంటుకోకూడదు, పంచదార దట్టించిన కొట్టు బిస్కెట్టు కాకూడదు, తింటే ఆటయ్యేదాకా కడుపులో నిలబడాలి. దాంతో మొదలయింది. ఓట్స్, అరటిపండు, ఖర్జూరం, పైన గుప్పెడు గింజలు, నువ్వులు, ఇంకా ఏవేవో. పంచదార చిటికెడు లేదు, మైదా ఊసు లేదు, వెన్న కూడా మొహమాటానికే. నేను బిస్కెట్లు అంటే కోపం వచ్చేది. "బిస్కెట్లు కావండీ, కుకీలు." "రెండిటికీ తేడా ఏంటి?" "బిస్కెట్టు సరదాకి తింటాం. ఇది టిఫిను."

పిల్లలకి చేస్తే చేసుకోక నాకూ పెట్టేది. ప్రతి పొద్దున్నా పళ్ళెంలో మూడు, పక్కన గ్లాసుడు పాలు. వాటి మీద నేను వెయ్యని జోకు లేదు. వీటికి పళ్ళు కాదోయ్, ఉలి కావాలి అన్నాను. షాపులో టేబులు కాలు కింద పెడితే ఊగడం మానేసింది, రెండోది ఇవ్వు అన్నాను. ఒకసారి మా వీధి చివర పళ్ళ డాక్టరు షాపుకి వస్తే, "మా ఆవిడ మీకు బేరం పెంచుతోందండీ" అని ఒకటి చేతిలో పెట్టాను, ఆయన అక్కడికక్కడే కొరికి, నమిలి, ఇంకోటి ఉందా అన్నాడు. ఆ రోజు మా ఆవిడ మొహం చూడాలి! నా జోకులకి తను ఉడుక్కునేది కాదు, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తలెత్తకుండానే, "నమలండి. నమలడం కూడా వ్యాయామమే" అనేది. మాకు పిల్లల్లేరు. అది ఎవరి వల్లనో తెలుసుకోవాలని డాక్టర్ల దగ్గర కొన్నాళ్ళు తిరిగి, తర్వాత తిరగడం మానేసి, ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం. నాకు షాపు, తనకి ఏటా మైదానం నిండా కొత్త పిల్లలు. ఆ పిల్లలకి తన పేరు కూడా సరిగా తెలియదు, విజిల్ టీచర్ అంటారు. ఆస్పత్రికి గుంపుగా వచ్చారు ఒకసారి, గేటు దగ్గర ఆపేస్తే రోడ్డు మీదే నిలబడ్డారు. నేను పై అంతస్తు కిటికీలోంచి చెయ్యూపాను. వాళ్ళు ఊపలేదు. నేను ఎవరో వాళ్ళకేం తెలుసు.

బూట్ల తాళ్ళు కట్టుకుంటూనే పడిపోయింది. మామూలు పొద్దున. నేను షేవింగ్ చేసుకుంటున్నాను, వరండాలోంచి కుర్చీ జరిగిన చప్పుడయింది, అంతే. ఎడమ బూటు కట్టుకుంది, కుడి బూటు తాడు చేతిలోనే ఉంది, నా వైపు చూసింది, నోరు తెరిచింది, మాట రాలేదు. వచ్చింది కానీ మాటలా లేదు. సగం మొహం నురగతో నేను ఆటోలో కూచున్నానట, ఆస్పత్రిలో నర్సు టవలు ఇచ్చేదాకా నాకు తెలియదు. సరైన వేళకి తెచ్చారు అన్నారు. బతికింది. కుడి చెయ్యి రాలేదు, కుడి కాలు కాస్త కాస్త వస్తోంది, మాట ముద్దముద్దగా. అన్నీ వస్తాయి, టైము పడుతుంది అన్నారు, నేను సరే సరే అన్నాను. అక్కడే, నాలుగో రోజో ఎప్పుడో, పెదాలు ఎండిపోయాయని స్పూనుతో నీళ్ళు పోశారు. దగ్గలేదు, ఉక్కిరిబిక్కిరి కాలేదు, నిశ్శబ్దంగా లోపలికి వెళ్ళిపోయాయి. హమ్మయ్య, తాగింది అనుకున్నాను నేను. తెల్లారేసరికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగాయట. దగ్గు రాకపోవడమే ప్రమాదం అని అప్పుడు చెప్పారు, లోపల కాపలా ఉండాల్సింది నిద్రపోతోంది అని. ఆ జ్వరంతోనే అసలు భయపడ్డాను నేను. పడిపోయిన రోజు భయపడటానికి తీరిక లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక మొన్న చూపించడానికి తీసుకెళ్తే పెద్ద డాక్టరు గొట్టం చూసి, ముక్కు లోపల పుండు పడింది, ఎక్కువ రోజులు ఉంచకూడదు అన్నాడు. ఈ వారంలో మింగడం మొదలుపెడితే మంచిది, లేకపోతే పొట్ట దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడ గొట్టం పెడదాం, పెద్ద ఆపరేషనేం కాదు, చాలామందికి చేస్తాం అన్నాడు. మంచివాడే, మెల్లగానే చెప్పాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. తను డాక్టరు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మొహం గోడకి తిప్పుకుంది. ఆ రోజంతా తిప్పుకునే ఉంది. మైదానం అవతల చివర ఉన్న పిల్లాణ్ణి ఒక్క కేకతో ఆపేసే మనిషి. మాట ముద్దగా వస్తోందని అప్పటికే మాట్లాడటం తగ్గించేసింది, అవునూ కాదూ కూడా కళ్ళతోనే. ఇంక అది కూడా ఆపేసింది.

నిన్న సాయంత్రం మాత్రం పలికింది, కళ్ళతోనే. పక్కన కుర్చీ వేసుకుని, "ఇదిగో, రేపు నీ టిఫిను నేను చేస్తున్నాను, ఎలా చెయ్యాలో చెప్పు" అన్నాను. ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు తను, చేతి అలవాటు. నేను షాపులో రోజంతా చేసే పనే చేశాను. రోగి కుర్చీలో, నేను ఎదురుగా, అద్దం మారుస్తూ, ఇదా, ఇంతకుముందుదా? ఏది బాగుంది? "అరటిపండు పచ్చగా ఉన్నదా, మచ్చలు పడ్డదా?" మచ్చలు పడ్డది అన్నప్పుడు రెప్ప వేసింది. "ఓట్స్ అలాగే వెయ్యాలా, పొడి కొట్టాలా?" అలాగే అన్నప్పుడు రెప్ప వేసింది. కాదోయ్, ఇప్పుడు మాత్రం పొడి కొట్టాలట, గింజలూ నువ్వులూ కూడా వద్దన్నారు అంటే ఇంత మొహం చేసుకుంది, అవి లేకపోతే ఇంకేం మిగిలిందన్నట్టు. "ఖర్జూరం నానబెట్టాలా?" రెప్ప. "గుడ్డు వెయ్యాలా?" రెప్ప. "వెన్న ఎంత, ఇంతా, ఇంతా?" అని నా వేలు మీద కొలత చూపిస్తుంటే పెదవి ఎడమ పక్కన కొంచెం కదిలింది. నవ్విందో లేదో చెప్పలేను. షాపులో కూడా అంతే, కొంతమంది గోడ మీది అక్షరాల్లో చివరి వరస చదవలేరు, కానీ ఒప్పుకోరు, ఊహించి చెప్పేస్తారు, నేనేమో అవునండీ అవునండీ అంటాను, వాళ్ళు బాధపడతారని. ఎన్నో ఏళ్ళుగా కుర్చీకి ఇవతలే ఉన్నాను కాబట్టి తెలియలేదు. అద్దం సరిపోతుందో లేదో అని గుండె కొట్టుకోవడం ఎలా ఉంటుందో ఇవాళ తెలుస్తోంది.

"ఏమయ్యా మరిదీ, ఇల్లు తగలెట్టావా?" వదిన లేచింది. పోస్టాఫీసులో చేసి రిటైరయిన మనిషి, ఏ మాటైనా ఠపీమని ముద్ర గుద్దినట్టు అంటుంది. "మాడిన వాసన వీధి చివరిదాకా కొడుతోంది."

"అది మొదటి వాయి వదినా. చెత్తబుట్టలో పడేశాను. ఇది రెండోది."

"చెల్లెలు మింగడానికా, పావురాలకి వెయ్యడానికా?" అని వంగి చూసింది. చూస్తూ చూస్తూ నా పక్కనే కూచుంది, మోకాళ్ళు పట్టుకుని, అమ్మా అంటూ. "మెత్తగా అయితే చాల్రా భగవంతుడా," అంది, ఈసారి ముద్ర గుద్దినట్టు కాదు. "దానికి పొట్టకి చిల్లు పెట్టడం నేను చూడలేను మరిదీ. మా అమ్మ బొడ్డు చుట్టూ నూనె రాసి పెంచింది దాన్ని."

"సెగ తగ్గించాను వదినా. అడుగు తట్టలో నీళ్ళ గిన్నె కూడా పెట్టాను, ఆవిరికి మెత్తగా ఉంటాయని."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తోచింది."

"తోచింది!" అని నా మొహంలోకి చూసింది. "ఇంతకాలం తోచలేదేం? ఒక్కనాడు స్టవ్వు ముట్టుకున్నావా నువ్వు?"

ముట్టుకోలేదు, నిజమే. కాఫీ పెట్టడం తప్ప ఏమీ రాదు. ఓవెన్ తలుపు తీశాను. గుప్పున ఆవిరి, కళ్ళజోడు పూర్తిగా తెల్లబడిపోయింది, ఏమీ కనబడలేదు. అరటిపండూ దాల్చినచెక్కా కలిసి తియ్యటి వాసన వచ్చింది, పొద్దున్నే తను వెళ్ళాక ఇల్లంతా ఉండిపోయే వాసన, పంచదార లేకపోయినా ఇంత తియ్యటి వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో ఎప్పుడూ అర్థం కాలేదు. ఒకటి తీసి సాసరులో పెట్టాను. వదిన స్పూను అందించింది. బోర్లించి నొక్కాను. అణిగింది. ఎత్తితే కొంచెం పైకి లేచింది. లేవకూడదు. ఇంకాసేపు చల్లారాలేమో. ఇద్దరం ఊదాం దాని మీద, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం, పెద్ద మనుషులం ఇద్దరం సాసరు మీద తలలు ఆనించి. ఇంకోటి నొక్కాను. అణిగింది. లేవలేదు. అంచు చీలింది కానీ రాలలేదు. వేలితో రాసి చూస్తే తడిగా, ముద్దగా, వేలికే అంటుకుంది. వదిన నా భుజం మీద చేత్తో గట్టిగా ఒక దెబ్బ వేసింది. అప్పుడే బెల్లు మోగింది.

మింగుడమ్మాయి ఎప్పుడూ పరిగెత్తుకుంటూ వస్తుంది, నుదుటి మీద చెమట, భుజానికి సంచి. ఇరవై అయిదు కూడా ఉండవేమో. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని, సాసరు చూసి, స్పూనుతో తనూ నొక్కి, "మీరు చేశారా?" అంది. అవునన్నాను. "బాగుంది అంకుల్, సరిగ్గా ఉంది," అంది, నాకు పరీక్ష పాసయినంత పొంగు వచ్చింది, కానీ పరీక్ష రాసేది నేను కాదుగా. మా ఆవిణ్ణి మంచం మీద నిటారుగా కూచోబెట్టాం, వీపు వెనక దిళ్ళు, కుడి చెయ్యి కింద చిన్న తలగడ. వేలికి ఊపిరి కొలిచే క్లిప్పు పెట్టింది ఆ అమ్మాయి, గొంతు మీద స్టెతస్కోపు ఆనించి విన్నది. "ఆంటీ, ఒక్కసారి ఆ అనండి." మా ఆవిడ ఆ అంది. ముద్దగా కాదు, మామూలుగానే, బలహీనంగా. "గడ్డం కిందకి దించి మింగాలి, గుర్తుంది కదా. నేను తొందర పెట్టను. మీకు ఎప్పుడు సిద్ధమనిపిస్తే అప్పుడు."

గోరంత ముక్క. స్పూను చివర పెట్టి ఎడమ చెంప వైపు నాలుక మీద ఉంచింది. మా ఆవిడ నోరు మూసుకుంది. నమలడం మొదలుపెట్టింది. ఎడమ దవడ ఒక్కటే కదులుతోంది, కుడి వైపు చెంప ఊరికే ఊగుతోంది. నాకు తెలియకుండానే నా దవడ కూడా కదులుతోంది. వదిన తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నమిలింది, నమిలింది. గడ్డం దించింది. ఆ అమ్మాయి రెండు వేళ్ళు గొంతు మీద ఉన్నాయి, కళ్ళు పక్కకి, ఏదో దూరపు చప్పుడు వింటున్నట్టు. ఏమీ కాలేదు. ఇంకా కాలేదు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను, బిగబట్టినది వదలడం చేతకావడం లేదు. అప్పుడు ఆ చిన్న ఎముక లేచింది. నేను చూశాను, చర్మం కింద పైకి ఎక్కింది, ఒక్క క్షణం ఆగింది, దిగింది. "ఆ అనండి." ఆ. "నోరు తెరవండి." తెరిచింది, ఖాళీ. ఇంకో ముక్క, ఈసారి కాస్త పెద్దది. నమలడం. గడ్డం. ఆగడం. లేచింది.

దగ్గు వచ్చింది.

గట్టిగా, ఒళ్ళంతా ఊగేలా దగ్గింది, మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు, ఎడమ చెయ్యి దుప్పటిని పట్టేసుకుంది. అయిపోయింది అనుకున్నాను. జ్వరం, ఆస్పత్రి, ఆ మాస్కు, ఆ బీప్ బీప్ చప్పుడు, గోడ వైపు తిరిగిన మొహం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి, సాసరు లాక్కుని అవతల పారెయ్యబోయాను. "ఆగండి అంకుల్," అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండానే, చెయ్యి మా ఆవిడ వీపు మీద. "దగ్గనివ్వండి. ఇంకోసారి దగ్గండి ఆంటీ, గట్టిగా. ఆ, అలా. ఇప్పుడు మళ్ళీ మింగండి, ఉత్తినే." క్లిప్పు మీద అంకె చూసింది. గొంతు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "ఆ అనండి."

ఆ.

నీళ్ళలోంచి వచ్చినట్టు గరగరమంటే లోపలికి పోయినట్టు, మామూలుగా ఉంటే బయటే ఉన్నట్టు, ఇదివరకు చెప్పింది. మామూలుగానే ఉంది. నాకే అలా వినబడిందా? "ఇంకోసారి." ఆ. "కొంచెం పొడుగ్గా." ఆఆ. ఆ అమ్మాయి వెనక్కి వాలి నవ్వింది, మొదటిసారి ఆ పిల్ల పళ్ళు చూశాను. "అంకుల్, ఆంటీ దగ్గారు. అర్థమయిందా? పలుకేదో పక్కకి వెళ్ళబోయింది, వెంటనే తోసేశారు. అప్పుడు నీళ్ళు లోపలికి పోతే తెలియనే లేదు కదా ఆంటీకి? ఇప్పుడు తెలిసింది. కాపలా మేలుకుంది." నేను తల ఊపాను. మంచం అంచు మీద కూచున్నాను.

తర్వాత ఇంకో ముక్క, ఇంకో ముక్క. దగ్గు రాలేదు. ప్రతి దానికీ ఆ. సగం కుకీ అయింది. నాలుకతో ఎడమ పెదవి చివర తడుముకుంటోంది మా ఆవిడ, అక్కడ అంటుకున్నది వదలకుండా. అది చూసి వదిన గభాల్న వంటింట్లోకి వెళ్ళిపోయింది, ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "చివరిగా ఒక్కసారి ఆంటీ, ఆ అనండి," అంది ఆ అమ్మాయి.

మా ఆవిడ అనలేదు. ఆ అమ్మాయిని చూసింది. పెదాలు కూడగట్టుకుంది. ఒక్కో మాటా దూరం నుంచి మోసుకొస్తున్నట్టు, మధ్యలో ఆగుతూ, తడబడుతూ, కానీ విజిలు మెళ్ళో ఉన్న మనిషి గొంతుతో, "చాల్లేమ్మా! ఎన్నిసార్లు... అనాలి... ఆ!" అంది.

నెల రోజులుగా ఒకటి రెండు ముక్కలకి మించి వినని చోట ఇంత పొడుగు మాట. ఆ అమ్మాయి పకపకా నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వు మధ్యలో ఎటో తిరిగి ఏడుపులాంటిదయిపోయింది, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటూ మళ్ళీ పెట్టుకుంటూ ఊరికే పని కల్పించుకున్నాను. వంటింట్లోంచి వదిన, "ఏమందీ? ఏమందీ?" అని పరిగెత్తుకొచ్చింది, చెబితే నమ్మలేదు, మళ్ళీ అనమంది. మా ఆవిడ అననంది, కళ్ళతో. ఆ అమ్మాయి అక్కణ్ణుంచే పెద్ద డాక్టరుకి ఫోను చేసింది. నేను ఆ అమ్మాయి మాటలు వినడం లేదు, మొహం చూస్తున్నాను, సరే సార్, సరే సార్ అంటూ కనుబొమలు పైకి వెళ్ళాయి. ఫోను పెట్టేసి, పొట్ట దగ్గర ఏమీ అక్కర్లేదన్నారు, మెత్తటివి రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పోదాం, సరిపడా తింటున్నారని చూసుకుని ముక్కు గొట్టం తీసేద్దాం అన్నారు అంది. నీళ్ళు మాత్రం ఇప్పుడే వద్దు, చిక్కగా చేసే ఇవ్వాలి. పక్కన మనిషి లేకుండా ఎప్పుడూ ఒక్కర్తినీ తిననివ్వకూడదు. అన్నిటికీ తల ఊపాను. మళ్ళీ చెప్పించుకున్నాను. వెళ్తూ వెళ్తూ ఒక కుకీ చేతిలో పట్టుకుని కొరుక్కుంటూ మెట్లు దిగింది, పొద్దున ఏమీ తినకుండా వచ్చేశానండీ అంటూ.

గుమ్మం దగ్గర నిలబడి ఆ అమ్మాయి స్కూటీ మలుపు తిరిగేదాకా చూశాను. ఎదురింటాయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు, చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. ఎలా ఉన్నారు అని అడిగితే ఏం చెప్పాలో ఈ నెలంతా తెలియలేదు, అందుకని అటు చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి. "తిన్నదండీ!" అన్నాను, ఆయన అడగకుండానే, వీధంతా వినబడేలా. ఆయనకి ఏమర్థమయిందో ఏమో, నీళ్ళ గొట్టం కింద పెట్టేసి రెండు చేతులూ ఎత్తాడు. భుజాలు తేలికయ్యాయి. మెడ తిప్పితే నొప్పి తెలిసింది, ఎప్పట్నుంచి బిగించుకుని ఉన్నానో. లోపలికి వచ్చేసరికి కడుపు ఒక్కసారి గుర్రుమంది, మామూలుగా కాదు, పక్కవాళ్ళకి వినబడేంత. ఆకలి. ఆకలి అనే సంగతే మర్చిపోయాను. తను తినలేని ఇంట్లో తినడం తప్పు చేస్తున్నట్టుండేది. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, సింకు పక్కన నిలబడి, గిన్నె చప్పుడు కాకుండా రెండు ముద్దలు మింగి, వాసన రాకుండా నోరు కడుక్కుని వచ్చేవాణ్ణి. వదిన కూడా అంతే. ఇద్దరం దొంగల్లా విడివిడిగా తిన్నాం ఇన్నాళ్ళూ, ఆ సంగతి ఒకళ్ళతో ఒకళ్ళం అనుకోలేదు.

పళ్ళెంలో మిగిలినవన్నీ పెట్టుకున్నాను. గ్లాసులో పాలు పోసుకున్నాను. తలుపు బార్లా తీసి ముందుగదిలోకి వచ్చాను. మా ఆవిడ పళ్ళెం చూసింది, నన్ను చూసింది. కుర్చీ కోసం వెతుకుతుంటే ఎడమ కాలితో దుప్పటి పక్కకి తోసి మంచం మీద చోటు చేసింది. కూచున్నాను. వదిన వాకిట్లో పక్కింటామెకి చెబుతోంది, ఒక్కసారి కాదు, మొదట్నుంచీ చివరిదాకా, దగ్గు దగ్గర ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని. కిటికీలోంచి ఎండ మంచం సగం దాకా వచ్చింది. ఒకటి తీసుకుని కొరికాను. మెత్తగా, వెచ్చగా, అంత తీపి కాదు, బాగుంది. నిజంగా బాగుంది. నమిలాను, మింగాను, ఆ చిన్న ఎముక నా గొంతులోనూ లేచి దిగింది, తను చూస్తోంది దాన్నే. పాలు తాగాను. ఇంకోటి తీసుకున్నాను.